పెరిగిన గాజులు

మ్యూజియంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "వస్తువులు పాడవకుండా ఎలా చూసుకునేవారు ఆంటీ?" అని అడుగుతారు. ఎలా తుడవాలో, ఎలా ఎత్తాలో మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. నేను చెప్పేది ఇంకొకటి. ఫోన్‌లో మీరు ఏ మాట చెప్పారో, అవతలివాళ్లకి ఏ మాట చేరిందో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. ఒకే ఒక్క మాట వల్ల నేను పడ్డ కంగారు ఇంకెవరూ పడకూడదు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను బడి మెట్లు ఎక్కలేదు. మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పి, పరీక్షలు ప్రైవేటుగా కట్టించారు. మావారు నర్సీపట్నం మ్యూజియంలో గుమస్తా. ఆయన పోయాక ఆ ఆఫీసులోనే నాకు కారుణ్య నియామకం ఇచ్చి స్టోరు చూసుకోమన్నారు. తాళం చెవుల గుత్తి చేతికిస్తే అది ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియని మనిషిని. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన ప్రతివాళ్ల పేరునా ఈ రోజుకీ దేవుడి దగ్గర ఒక పువ్వు వేస్తాను.

మా మ్యూజియం చిన్నది. నాలుగు రాతి విగ్రహాలు, ఏజెన్సీ కొండల నుంచి వచ్చిన డప్పులు, బాణాలు, పాత ఇత్తడి సామాను. పెద్ద హాలు ఒకటి, దాని వెనక గది ఒకటి ఖాళీగా ఉండేవి. అలాంటి చోటికి ఒక పెద్ద ఆర్టిస్టు జీవితమంతా చేసిన పనులు ప్రదర్శనకి వస్తున్నాయని ఆర్డరు వచ్చింది. ఆవిడది ఈ చుట్టుపక్కల పల్లెటూరే. ఉత్తరాదిలో స్థిరపడ్డారు. ఎనభై దగ్గర పడ్డ మనిషి. పెద్ద పెద్ద ఊళ్లలో తిరుగుతున్న ఆ ప్రదర్శన మా ఊరు కూడా రావాల్సిందేనని ఆవిడే పట్టుబట్టారట.

రెట్రోస్పెక్టివ్ అనే మాటకి తెలుగులో ఏం రాయాలని మా ఆఫీసరుగారు రెండ్రోజులు ఆలోచించి, గేటు మీద 'సింహావలోకనం' అని బ్యానరు కట్టించారు. ఆ మర్నాటి నుంచి జనం రావడం మొదలు. "సింహాన్ని ఎప్పుడు తెస్తారండీ? పిల్లలకి టికెట్టుందా?" అని. మా అటెండరు, అందరూ అప్ప అని పిలిచే ఆవిడకి, వచ్చినవాళ్లకి జవాబు చెప్పడంతోనే సరిపోయేది. "సింహం నేదు, ఏటీ నేదు, ఒక ముసిలమ్మ వత్తాది, ఎల్లండెల్లండి" అనేది. అప్ప నాకంటే పెద్దది. ముక్కున పుడక, నుదుటిన రూపాయంత బొట్టు, గొంతు విన్నారంటే గేటు బయట ఆటోలు ఆగేవి. ఆర్డరులో రాసిన ఇన్‌స్టలేషన్, అంటే గది నిండా వస్తువులు అమర్చి చేసే కళ, అది ఏసీలు బిగించడమనుకుని చాలా సంతోషపడింది పాపం.

సామానుతో పాటు హైదరాబాదు నుంచి క్యూరేటర్ అమ్మాయి వచ్చింది. ప్రదర్శన అంతా ఎక్కడ ఏది పెట్టాలో చూసుకునేది ఆ పిల్లే. తెలుగు పిల్లే, చక్కగా మాట్లాడుతుంది, కాకపోతే చదువంతా ఇంగ్లీషు. నన్ను ఆంటీ అనేది. మంచి పిల్ల. రోజూ మధ్యాహ్నం నా డబ్బాలో చింతకాయ పచ్చడి అడిగి మరీ వేసుకునేది.

హాలులో చెరకు పిప్పితో అల్లిన మంచం, గోడల్లేకుండా నిలబెట్టిన వీధి తలుపు, ఇంకా ఏవేవో పెట్టారు. వెనక గదిలో పెట్టింది మాత్రం ఒకటే. అదే ఆవిడకి పేరు తెచ్చిన పని. పైకప్పు నుంచి దారాలు, దారాలకి గాజులు. గది నిండా వానలా వేలాడుతుంటాయి. మనిషి పట్టేంత సందు వదిలారు, ఆ సందులోంచి నడవాలి. ఒక్కొక్క దారం ఒక్కొక్క ఆడమనిషిది. భర్త పోయిన ఇళ్లకి ఆవిడ వయసులో ఉండగా తిరిగి, పదో రోజు రాకముందే, "పగలగొట్టనివ్వకండి, తీసి నాకివ్వండి" అని అడిగి తెచ్చుకున్న గాజులవి. ఇచ్చినవాళ్లు ఇచ్చారు, కర్రలు పట్టుకుని తరిమినవాళ్లు తరిమారు.

ఆ సంగతి తెలిశాక అప్ప ఆ గది గడప తొక్కలేదు. "నాను ముట్టను తల్లీ. నా పసుపూ కుంకాల మీద ఒట్టు. నీకేటి, నువ్వు ముట్టుకోవచ్చు" అంది. అనేసి నాలిక కరుచుకుంది. నేనేమీ అనుకోలేదు. అన్నది నిజమే కదా, నాకు పోవలసింది ఏముంది? అందుకే దారాలు కట్టే పని నాకు వచ్చింది. స్టూలు మీద నిలబడి, క్యూరేటర్ అమ్మాయి కింద నుంచి అందిస్తుంటే, లోపల విష్ణు సహస్రనామం చదువుకుంటూ ఒక్కొక్కటే కట్టాను.

ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పింది. "ఆంటీ, ఈ గాజులు ఒక్కటి పగిలినా మేడమ్ ఈ రూమ్ క్లోజ్ చేసేస్తారు. రాసి ఇచ్చారు. పగలకుండా ఉన్నాయన్నదే ఈ వర్క్ అంతా." ప్రదర్శన బయల్దేరినప్పుడు ఒక పెట్టెలో కొన్ని అదనపు గాజులు ఉండేవట, ఆ స్త్రీలే తర్వాత ఇచ్చినవి. ముందటి ఊళ్లలోనే వాటినీ దారాలకి కట్టేశారు, మా దగ్గరికి ఖాళీ పెట్టే వచ్చింది.

ప్రారంభం ముందు రోజు ఆ అమ్మాయి బోర్డులు అచ్చు వేయించడానికి విశాఖపట్నం వెళ్లింది, అక్కడి నుంచి పొద్దున్నే యలమంచిలి వెళ్లి రైలు దిగే మేడమ్‌ని తీసుకురావాలి. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్కపోత. గదిలో ఫ్యాన్లు అన్నీ తీసేశారు గానీ గుమ్మం పక్కది, జనానికి గాలి ఆడాలని ఉంచారు. స్విచ్ ఆపి దాని మీద ప్లాస్టరు అంటించారు. కరెంటు పోతే మనవాళ్లు ఏం చేస్తారు? ఉన్న స్విచ్చులన్నీ టకటకా నొక్కి చూస్తారు. ఎలక్ట్రీషియన్ నొక్కాడో, వాచ్‌మన్ నొక్కాడో, ఆఫీసరుగారే నొక్కారో! ఆ ప్లాస్టరు ఎప్పుడు ఊడిందో కూడా తెలియదు. అందరం వరండాలో కూర్చుని విసనకర్రలు ఊపుకుంటున్నాం. కరెంటు వచ్చింది. అందరూ "హమ్మయ్య" అన్నారు. ఆ వెంటనే లోపల నుంచి చప్పుడు.

గుమ్మం వైపు దారం ఒకటి ఫ్యాను గాలికి లేచి రెక్కకి చుట్టుకుంది. నేను పరిగెత్తి స్విచ్ ఆపేసరికి దారం ఖాళీ. నేల మీద ఆకుపచ్చ ముక్కలు. పక్క దారం ఊగుతోంది, ఊగుతూ ఊగుతూ ఆగింది. దానికేం కాలేదు. గుమ్మం బయట అప్ప నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవులి ఉసురో తగులుద్దే అమ్మా" అని ఏడుపు.

ముక్కలన్నీ ఏరాను. చీపురుతో ఊడవబుద్ధి కాలేదు. కొత్త తువ్వాలు తీసి, అలవాటు కొద్దీ చిటికెడు పసుపు వేసి మూట కట్టాను. ఆఫీసరుగారు ముఖం తుడుచుకుంటూ, "మీరే చెప్పండమ్మా ఆ పిల్లకి, మీరంటే దానికి గౌరవం" అన్నారు. ఫోన్ చేశాను.

"స్టోరు నుంచి నేనండి. గాజులు పెరిగాయండి."

"పెరిగాయా?" అంది. "నిజంగానా ఆంటీ? ఎన్ని?"

"ఒక దారం మొత్తమండి."

"ఎవరు చేశారు?"

"ఎవరని చెప్పమంటారు? అందరం అక్కడే ఉన్నాం. ఇది ఫలానావాళ్ల చెయ్యి అని చెప్పలేనండి."

"అందరూనా! ఇలా జరుగుతుందని నేను అనుకోనేలేదు ఆంటీ. స్పేర్ బాక్స్ చూశారా?"

"చూశానండి. అవీ నిండుకున్నాయి."

"ఓకే ఓకే. మీరేం కంగారు పడకండి. మేడమ్‌కి నేనే చెప్తాను. అంతా మంచికే."

ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎంత పెద్ద మనసు ఆ పిల్లది! ఒక్క కసురు లేదు, ఒక్క విసురు లేదు. ఇంటికి వెళ్లి ఆ తల్లిని కన్నవాళ్లు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకున్నాను. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దెక్కాక ఆ అమ్మాయి ఒక్కతే ముందుగా వచ్చింది. మేడమ్ యలమంచిలిలో బంధువుల ఇంట్లో స్నానం చేసి వెనక వస్తున్నారట. ఈ పిల్ల ముఖం వెలిగిపోతోంది. చేతిలో అట్ట మీద అంటించిన కొత్త బోర్డు ఉంది. గది గుమ్మం పక్కన పెట్టడానికి. నాకు చూపించింది.

'నర్సీపట్నం స్త్రీలు తమ గాజులను కూడా జోడించారు. ఈ గదిలో గాజులు పెరిగాయి.'

చదివాను. మళ్లీ చదివాను. నాకు అర్థం కాలేదు.

"కొత్తవి ఎక్కడ కట్టారు ఆంటీ?" అని లోపలికి దూరి చుట్టూ చూస్తోంది.

గుమ్మం బయట నుంచి అప్ప అంది, "కొత్తయేటమ్మా, ఉన్నయే పెరిగిపోతేనూ!"

"అదే, ఎక్కడ?"

"ఇదిగో, ఖాళీ దారం కనిపిత్తంది కాదేటి?"

ఆ పిల్ల దారాన్ని చూసింది, నన్ను చూసింది. "పెరగడం అంటే... ఇంక్రీజ్ కాదా?"

నేను ఖాళీ దారం చూపించాను. "గాజు పగిలింది అనకూడదు కదమ్మా. పెరిగింది అంటాం."

"మరి స్పేర్స్ నిండుకున్నాయి అన్నారు?"

"అయిపోయాయని."

"అయిపోయాయి అంటే అయిపోయాయి అనాలి కదా ఆంటీ!" అని అరిచింది. ఇన్నాళ్లలో ఆ పిల్ల నా మీద అరవడం అదే. "మీ ఊరివాళ్లు ఇచ్చినవాటితో ఖాళీ బాక్స్ ఫుల్ అయిందంటున్నారనుకున్నాను!"

"బియ్యం డబ్బా ఖాళీ అయినా అయిపోయాయి అనరే గుంటా, అశుభం" అని అప్ప నా తరఫున వాదించబోయింది. మా అమ్మ నాకు మాటలు నేర్పింది అలాగే. దీపం ఆర్పమనదు, ఘనం చెయ్యమంటుంది. వెళ్తానన్నవాళ్లని వెనక్కి పిలిచి వెళ్లొస్తానని అనిపిస్తుంది. ఆ మాటలు ఎదుటివాళ్లకి అర్థం కాకుండా పోతాయని నా బుద్ధికి ఎప్పుడూ తట్టలేదు. అవే తెలుగు అనుకున్నాను.

ఆ అమ్మాయి స్టూలు మీద కూలబడి ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. "మేడమ్‌కి చెప్పేశాను ఆంటీ. మీ ఊరి ఆడవాళ్లు మీకోసం గాజులిచ్చారు అని. ఆవిడ ఫోన్‌లోనే ఏడ్చేశారు. ఇప్పుడు వచ్చి ఏం చూస్తారు?"

పగిలినదానికంటే ఆ మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఉన్నది పోయిందని చెప్పడం వేరు. లేనిది ఉందని ఆశ పెట్టి, అదీ పోయిందని చెప్పాలి ఇప్పుడు. గేటు దగ్గర హారన్ వినపడింది.

ఆవిడ సన్నగా, పొట్టిగా ఉన్నారు. నూలు చీర, భుజానికి గుడ్డ సంచి. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా గదిలోకి వెళ్లారు. క్యూరేటర్ అమ్మాయి ఏదో మొదలుపెట్టి ఏడ్చేసింది. అప్పుడు నేనే చెప్పాను. ఫ్యాను సంగతి, ఫోన్ సంగతి, నా మాట సంగతి. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఖాళీ దారం కొస వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

"ఈవిడది రావికమతం దగ్గర," అన్నారు చివరికి. "జీడితోటలో పని చేసేది. నేను అడగకముందే చేతులు చాపింది. తీసుకుపో అమ్మా, ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు పగలగొట్టేస్తారు అంది." తర్వాత మెల్లగా, "నేను తెచ్చి పగలగొట్టాను" అన్నారు.

సాయంత్రం ప్రారంభం. పిలుపులన్నీ వెళ్లిపోయాయి.

"ఈ గాజులావిడ ఇంకా బతికే ఉంది," అన్నారు నా వైపు తిరిగి. "మీరు వెళ్లి చెప్పండి. ఆవిడ సరేనంటే ఈ గది తెరుద్దాం. వద్దంటే తాళం వెయ్యండి. మిగతా ప్రదర్శన మీ ఇష్టం, నేను మాత్రం ఉండను."

"నేనా అండీ?"

"కళ్లతో చూసినవాళ్లు మీరే కదా."

కారులో నేను, ఆ అమ్మాయి. ఒళ్లో తువ్వాలు మూట. దారి పొడుగునా ఆ పిల్ల నాకు పాఠం చెప్పింది. "ఆంటీ, ప్లీజ్. ఈసారి పగిలిపోయాయి అని క్లియర్‌గా చెప్పండి. పెరిగాయి అనొద్దు." "అననమ్మా" అని, లోపల జపం చేసినట్టు పగిలాయి, పగిలాయి అనుకుంటూ వెళ్లాను. దేవుడా, ఆ తల్లి శపించినా సరే, ఆ పిల్లకీ, ఆ పెద్దావిడకీ తగలనివ్వకు అని మొక్కుకున్నాను.

ఇల్లు వెతకడం కష్టం కాలేదు. రేకుల పంచ కింద కూర్చుని జీడిగింజలు కొడుతోంది. వేళ్లన్నీ జీడి సొనకి నల్లగా కమిలిపోయి ఉన్నాయి. బోసి నోరు, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"ఎవులమ్మా? పింఛనీ వోల్లా?"

"కాదమ్మా. వెనకటికి మీ గాజులు అడిగి తీసుకెళ్లారే ఒకావిడ..."

"ఆ పిచ్చమ్మా! బతికే ఉన్నాదేటి ఇంకా?" అని పకపకా నవ్వింది. "ఏటంట? ఇంకేటి కావాలంట? నా కాడ ఏటీ నేవు."

నేను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మూట ముందు పెట్టాను. నోరు తెరిచాను.

"మీ గాజులు పెరిగాయమ్మా."

వెనక క్యూరేటర్ అమ్మాయి "అయ్యో" అంది.

ముసలావిడ చేతిలో సుత్తి ఆగిపోయింది. "ఏటన్నావు?"

"పెరిగాయి." ఇంక వెనక్కి తీసుకోలేను.

"నా గాజులకి ఆ మాటేటి? అది ముత్తైదువు గాజులకి కదా అంటారు. మొగుడు పోయినదాని గాజులు పెరుగుతాయేటి?"

నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ చెప్పాకే తెలిసింది, నిజమే. "గాజుకి ఇంకో మాట నా నోటికి రాదమ్మా," అన్నాను. "దారి పొడుగునా నేర్చుకుంటూ వచ్చాను. అయినా రాలేదు."

ఆవిడ మూట విప్పి చూసింది. పసుపు చూసింది. తర్వాత నా చేతుల వైపు చూసింది.

"నీవో? పెరిగాయా, పగలగొట్టీసినారా?"

అన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కాలం చేశారనేవారు, దైవాధీనం అనేవారు, గాజుల సంగతి ఎవరూ ఎత్తలేదు. అత్తవారి వైపు పెద్దావిడ నా మణికట్లు పట్టుకోవడం, అవి ముక్కలవడం, గీసుకుని నెత్తురు రావడం గుర్తొచ్చాయి.

"పగలగొట్టారమ్మా," అన్నాను. ఆ మాట అప్పుడు వచ్చింది.

ఆవిడ ముక్కలని నల్లటి వేళ్లతో కాసేపు కదిపి మళ్లీ మూట కట్టింది. "ఆల్లు రోకలిబండ అట్టుకుని వచ్చినారు నా ఇంటికి. గాజులు ఏవే అంటే, నేవు, ఇచ్చీసినాను అన్నాను. ఎన్ని తిట్లు తిట్టినారో! ఇన్నేల్లు ఉన్నాయి కదా, సాలు. ఇప్పుడు ఎలాగ పోయినాయి?"

"ఫ్యాను తగిలిందమ్మా."

"ఫ్యాను మీద కోపమేటి ఎట్టుకుంటాను?" అని మళ్లీ నవ్వింది. "తెరుసుకోండి. ఆ దారానికి మరేటీ కట్టకండి, ఉట్టిగా ఉండనీయండి. ఆగండి, నానూ వత్తాను, సీర మార్సుకోనీయండి. ఆ కార్లో సల్లగాలి ఉందేటి? బేగి ఎల్దాం, మల్లీ ఆవు పాలు పితకాల."

మేం మ్యూజియానికి తిరిగి వచ్చేసరికి గుమ్మంలో జనం ఉన్నారు. ఆర్టిస్టు గారు ముసలావిడని చూసి చేతులు పట్టుకున్నారు. "ముసిలైపోయావే" అని ఈవిడ అంది. బోర్డు సంగతి క్యూరేటర్ అమ్మాయి అడిగింది. ఆర్టిస్టు గారు పెన్ను తీసి మొదటి వాక్యం కొట్టేశారు. రెండోది ఉంచారు.

ముందు ముసలావిడనే లోపలికి పంపారు. తన దారం దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. నాలుగడుగులు వేసి, గది మధ్యలోకి వెళ్లి, రెండు చేతులూ చాపి దారాల్లోకి దూర్చింది.

"ముట్టుకోకూడదండీ!" అని నేను అరిచేశాను. అది నా ఉద్యోగం.

ఆర్టిస్టు గారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. ఆవిడ చేతులు ఊపింది. ఒక దారం నుంచి ఇంకో దారానికి, గది ఈ మూల నుంచి ఆ మూలకి గాజుల చప్పుడు పాకింది. పెళ్లివారి ఇంట్లో ఆడవాళ్లందరూ ఒక్కసారి లేచి వడ్డనకి వెళ్తే వచ్చే చప్పుడు అది. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. నాకు మాత్రం ప్రతి చప్పుడుకీ ప్రాణం పోతోంది. ఒక్కొక్క దారాన్నీ కళ్లతో పట్టుకుని, ఆఖరి గాజు కదలడం ఆపేదాకా చూస్తూనే ఉన్నాను.

ఒక్కటి కూడా పగల్లేదు.